అవ్వ మతిమరుపుకు డబ్బాలో మందు లేదు.. ఇంట్లో, బడిలో జాగ్రత్త ఉంది

2025 నవంబరు 24న డెన్మార్క్‌ మందుల సంస్థ నోవో నార్డిస్క్‌ ఒక ప్రకటన చేసింది. మధుమేహానికి, బరువు తగ్గడానికి వాడుతున్న సెమాగ్లుటైడ్‌ మందు ఆల్జీమర్స్‌ వ్యాధిని నెమ్మదింపజేస్తుందేమోనని ఆ సంస్థ రెండు పెద్ద పరీక్షలు చేసింది. వ్యాధి తొలిదశలో ఉన్న 3,808 మంది వాటిలో పాల్గొన్నారు. రక్తంలో, వెన్నుపాము ద్రవంలో వ్యాధి గుర్తులు కొంత మెరుగుపడ్డాయి. కానీ మనిషి జ్ఞాపకశక్తి, రోజువారీ పనులు చేసుకునే శక్తి మాత్రం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఎంత వేగంగా తగ్గాయో, అసలు మందు వేసుకున్నవారిలోనూ అంతే వేగంగా తగ్గాయి.

ఈ వార్త మన పత్రికల్లో వ్యాపార పేజీల్లో షేర్ల పతనంగా వచ్చి పోయింది. ఇది తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు తీరిగ్గా చదవాల్సిన వార్త అని నా అభిప్రాయం. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది. అదే ఏడాది వచ్చిన ఐసీఎంఆర్‌ సర్వే ప్రకారం మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. ఈ రెండు అంకెల మధ్య సంబంధం ఉంది. ఆ సంబంధాన్ని చూపించి మందులు అమ్మేవారూ ఉన్నారు. సెమాగ్లుటైడ్‌ పేటెంటు గడువు మన దేశంలో 2026 మార్చి వరకే. చౌక రకాలు వచ్చే కొద్దీ ‘షుగరుకే కాదు, మెదడుకూ మంచిది’ అనే మాట మన వీధి మందుల షాపు దాకా రావడానికి ఎంతోకాలం పట్టదు.

మన కుటుంబాలకు ఇందులో ఇంకో లెక్క కూడా ఉంది. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో ఇంట్లో పిల్లవాడికి తెలుగు నేర్పేది ఎవరు? అమ్మానాన్నలు పనికి పోతారు. వీధి భాష వేరు. చాలా ఇళ్లలో తెలుగు సామెత, పొడుపుకథ, లెక్క అన్నీ అవ్వ దగ్గరే. అవ్వ మరచిపోతే పిల్లవాడి తెలుగులో సగం పోయినట్టే.

వంకాయ ముక్క చెప్పే పాఠం

ఏడో తరగతి పిల్లలకు ఆక్సీకరణం గురించి చెప్పేటప్పుడు నేను వంకాయతో మొదలుపెడతాను. కోసిన ముక్కలు గాలికి నల్లబడతాయి. ఇనుప మేకు తడికి, గాలికి తుప్పు పడుతుంది. రెండింటిలోనూ పనిచేసేది ఆక్సిజనే. మనం బతకడానికి కావలసిందీ అదే. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలో మైటోకాండ్రియా ఉంటాయి. మన పాఠ్యపుస్తకాల్లో వీటిని కణ శక్త్యాగారాలు అంటాం. తిన్న తిండిలోని గ్లూకోజును ఆక్సిజన్‌తో కలిపి ఇవి ఏటీపీ అనే శక్తి నాణేన్ని తయారుచేస్తాయి. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్‌ ఫిస్కేతో కలిసి వేరుచేసిన వ్యక్తి భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్‌ కాలేజీలో చదివిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్‌ లోమన్‌ కూడా దాన్ని విడిగా కనుగొన్నాడు.

పొయ్యి మండితే పొగ రాక తప్పదు. శక్త్యాగారాల్లోనూ అంతే. కొద్దిపాటి ఆక్సిజన్‌ సగం మండి, చురుకైన అణువులుగా బయటపడుతుంది. ఇవి కణపు పొరలను, ప్రొటీన్లను, డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. వీటిని ఎప్పటికప్పుడు చల్లార్చే ఎంజైములు మన ఒంట్లోనే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన సూపరాక్సైడ్‌ డిస్మ్యుటేజ్‌ను 1969లో అమెరికాలో జో మెక్‌కార్డ్‌, ఇర్విన్‌ ఫ్రిడొవిచ్‌ గుర్తించారు. పొగ ఎక్కువై, చల్లార్చే శక్తి తక్కువైన స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. ముసలితనానికి ఇదే మూలమని డెన్హమ్‌ హార్మన్‌ 1956లోనే ప్రతిపాదించాడు.

ఇందులో మెదడుకు ముప్పు ఎక్కువ. బరువులో అది ఒంట్లో రెండు శాతమే. వాడుకునే ఆక్సిజన్‌ సుమారు ఇరవై శాతం. పైగా అందులో త్వరగా ఆక్సీకరణం చెందే కొవ్వులు ఎక్కువ. నరాల కణాలు చాలామటుకు మనిషితో పుట్టి మనిషితోనే పోతాయి. పాతవి పోతే కొత్తవి రావు.

ఇది ఊహ కాదనడానికి గట్టి ఆధారాలున్నాయి. 1982లో కాలిఫోర్నియాలో కొందరు యువకులు దొంగచాటుగా తయారైన మత్తుమందు ఎక్కించుకుని, కొద్ది రోజుల్లోనే ముసలి పార్కిన్సన్స్‌ రోగుల్లా బిగుసుకుపోయారు. విలియం లాంగ్‌స్టన్‌ అనే వైద్యుడు కారణం వెతికితే ఎంపీటీపీ అనే కల్తీ పదార్థం బయటపడింది. అది మెదడులో మరో రసాయనంగా మారి, డోపమైన్‌ కణాల్లోకి దూరి, అక్కడి శక్త్యాగారాల మొదటి మెట్టునే మూసేస్తుంది. అలా మారిన రసాయనానికీ, మన రైతులు వాడే పారాక్వాట్‌ గడ్డిమందుకూ అణు నిర్మాణంలో దగ్గరి పోలిక ఉంది. పారాక్వాట్‌ కణంలో సూపరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. ఈ మందు పిచికారీ చేసేవారిలో పార్కిన్సన్స్‌ ఎక్కువగా కనిపిస్తున్నట్టు పలు అధ్యయనాలు చెప్పాయి. యూరోపియన్‌ యూనియన్‌లో దీనికి 2007 నుంచి అనుమతి లేదు.

ఇక ఏఎల్‌ఎస్‌ అనే కండరాలు చచ్చుబడే వ్యాధిలో, కొన్ని కుటుంబాల్లో సూపరాక్సైడ్‌ డిస్మ్యుటేజ్‌ జన్యువులోనే లోపం ఉందని 1993లో తేలింది. ఆల్జీమర్స్‌ వచ్చే ముప్పు ఉన్నవారి మెదడు, మతిమరుపు బయటపడకముందే గ్లూకోజును సరిగా వాడుకోలేకపోవడం స్కానింగుల్లో కనిపిస్తుంది. అంటే జీవక్రియ చెడటం, కణం దెబ్బతినడం, నరాల జబ్బు.. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఇంతవరకూ పరిశోధన నిలబడింది.

సిద్ధాంతం గెలిచింది, మాత్ర ఓడింది

‘ఆక్సిజన్‌ దెబ్బతీస్తోంది కనుక యాంటీ ఆక్సిడెంట్‌ వేసుకుంటే సరి’ అనుకోవడం తేలిక. శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. అనుకుని ఊరుకోలేదు, పరీక్షించారు. తెలుసుకోవాల్సింది ఆ పరీక్షల ఫలితాలే.

అమెరికా, కెనడాల్లో పార్కిన్సన్స్‌ తొలిదశలో ఉన్న 800 మందిపై విటమిన్‌-ఇని పెద్ద మోతాదులో పరీక్షించారు. ఉపయోగం లేదని 1993లో తేలింది. శక్త్యాగారాలకు బలమిస్తుందని పేరున్న కోఎంజైమ్‌ క్యూ10ను 600 మందికి ఇచ్చి చూశారు. ఫలితం కనిపించే సూచన లేక మధ్యలోనే ఆపేసి, 2014లో వివరాలు ప్రచురించారు. క్రియాటిన్‌ పొడిని 1,741 మందిపై ఏళ్ల తరబడి పరీక్షించారు. అదీ పనిచేయలేదని 2015లో ప్రకటించారు. కండరంలో శక్తిని దాచే క్రియాటిన్‌ ఫాస్ఫేట్‌ను 1927లో గుర్తించింది కూడా ఫిస్కే, సుబ్బారావులే. ఆ రసాయన శాస్త్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దాని ఆధారంగా అల్లిన వైద్యం మాత్రం పరీక్షలో నిలవలేదు.

ఆల్జీమర్స్‌లో ఫలితాలు కొంచెం భిన్నం. మతిమరుపు తొలి ఛాయలున్న 769 మందిపై చేసిన 2005 నాటి పరీక్షలో విటమిన్‌-ఇ వల్ల లాభం కనిపించలేదు. వ్యాధి ఖాయమైన 613 మంది మాజీ సైనికులపై చేసిన 2014 నాటి పరీక్షలో రోజువారీ పనులు చేసుకునే శక్తి తగ్గడం కొన్ని నెలలు ఆలస్యమైంది. జ్ఞాపకశక్తిలో మేలు కనిపించలేదు. అదే విటమిన్‌-ఇని ఏళ్లపాటు రోజూ వేసుకున్న ఆరోగ్యవంతులైన మగవారిలో ప్రొస్టేట్‌ క్యాన్సర్‌ 17 శాతం పెరిగిందని 2011లో మరో పెద్ద పరీక్ష హెచ్చరించింది. ‘వేసుకుంటే పోయేదేముంది’ అనే మాట నిజం కాదన్నమాట.

ఏఎల్‌ఎస్‌కు ఎడరవోన్‌ అనే యాంటీ ఆక్సిడెంట్‌ మందును జపాన్‌ 2015లో, అమెరికా 2017లో అనుమతించాయి. నోటి ద్వారా ఇచ్చే దాని మరో రూపాన్ని యూరప్‌లో పరీక్షిస్తే 2024లో నిరాశే మిగిలింది. షుగరు మందుల కథా ఇలాగే సాగింది. 2024లో లిక్సిసెనటైడ్‌ పార్కిన్సన్స్‌లో స్వల్ప మేలు చూపింది. అదే జాతికి చెందిన ఎక్సెనటైడ్‌ 2025 ఫిబ్రవరిలో విఫలమైంది. నవంబరులో సెమాగ్లుటైడ్‌ వంతు వచ్చింది.

సెమాగ్లుటైడ్‌పై ఆశ ఎందుకు పుట్టిందో తెలుసుకుంటే మనకు ఉపయోగం. ఈ జాతి మందులు వాడిన మధుమేహుల్లో డిమెన్షియా తక్కువగా కనిపించిందని ఆసుపత్రి రికార్డులు చెప్పాయి. అయితే ఖరీదైన మందు కొనగలిగినవారికి మంచి తిండి, మంచి వైద్యం, చదువు కూడా ఉండవచ్చు. ట్యూషనుకు వెళ్లే పిల్లలకు మార్కులు ఎక్కువ వస్తే అది ట్యూషను గొప్పా, ఇంటి పరిస్థితి గొప్పా? మనకు రోజూ ఎదురయ్యే ప్రశ్నే ఇది. తేల్చడానికి దారి ఒక్కటే. చీటీలు వేసి సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరు ఏది వేసుకున్నారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా చూడాలి. పైన చెప్పిన పెద్ద పరీక్షలన్నీ అలా చేసినవే.

ఎందుకు పనిచేయలేదు?

మూడు కారణాలు ప్రధానంగా వినిపిస్తున్నాయి. మొదటిది, చురుకైన ఆక్సిజన్‌ అణువులు శత్రువులు మాత్రమే కావు. క్రిములను చంపడానికి తెల్లరక్తకణాలు వాటినే వాడతాయి. కణాల మధ్య కబురు చేరవేయడానికీ అవి కావాలి. వ్యాయామం చేసే యువకులకు విటమిన్‌-సి, ఇ మాత్రలు ఇస్తే, వ్యాయామం వల్ల ఇన్సులిన్‌ బాగా పనిచేయడమనే లాభం కాస్తా పోయిందని 2009లో జర్మనీ పరిశోధకులు చూపించారు. పొగ వస్తోందని పొయ్యి మీద నీళ్లు పోస్తే అన్నం ఉడకదు.

రెండోది కాలం. ఆల్జీమర్స్‌ మార్పులు మెదడులో మొదలైన పది, పదిహేనేళ్లకు గానీ మతిమరుపు బయటపడదు. అప్పుడు మాత్ర మొదలుపెట్టడం, గోడ కూలాక చెదలమందు కొట్టడమే. మూడోది, ఆక్సీకరణ ఒత్తిడి ఒక్కటే కారణం కాదు. ఆల్జీమర్స్‌లో అమిలాయిడ్‌, టౌ ప్రొటీన్లు, పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సైన్యూక్లీన్‌ ఉండకట్టడం, మెదడులో వాపు, రక్తనాళాలు పూడుకుపోవడం అన్నీ కలుస్తాయి. ఒక తాడు తెంపితే వల ఊడిపోదు.

మా ఇంటి అనుభవం

ఇదంతా తెలిసిన నేనే ఒకసారి మోసపోయాను. మేముండేది హోసూరు దగ్గర. 2024 నవంబరు రెండో వారంలో మా అమ్మను ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్లాను. పెట్టిన పాలు మరచిపోవడం, చెప్పిందే చెప్పడం మొదలైంది. అక్కడి సహాయకురాలు తమిళంలో ప్రశ్నలు అడిగింది. మా అమ్మ సంతలో తమిళం మాట్లాడగలదు. లెక్కపెట్టడం, నెలలు చెప్పడం తెలుగులోనే. ‘ఇది ఏ నెల?’ అంటే ‘కార్తీకం’ అంది. సహాయకురాలు తప్పు వేసింది. తమిళ పంచాంగం ప్రకారం అప్పటికి ఇంకా ఐప్పసి నెల నడుస్తోంది. మనకు దీపావళి మర్నాటి నుంచే కార్తీకం! వందలోంచి ఏడు తీస్తూ పొమ్మంటే అమ్మ తెలుగులో గొణుక్కుంటూ తొంభై మూడు, ఎనభై ఆరు అని చెప్పింది. ఆమెకు అర్థం కాలేదు.

చివరికి ‘మెదడుకు బలం’ అంటూ యాంటీ ఆక్సిడెంట్‌ క్యాప్సూల్స్‌ రాసిచ్చారు. చెవులు పరీక్షించలేదు, రక్తపరీక్ష రాయలేదు. ఎనిమిది నెలలు కొన్నాను. బడిలో పిల్లలకు ‘ఆధారం ఏది?’ అని అడగమని చెప్పే నేను, అక్కడ ఆ ప్రశ్న అడగలేదు. తల్లి విషయంలో ఏదో ఒకటి చేస్తున్నామన్న తృప్తి అలాంటిది. తర్వాత మరో వైద్యుడు చూసి బి12 బాగా తక్కువగా ఉందని, కుడిచెవి సరిగా వినబడటం లేదని తేల్చారు. బి12 సూదులు, వినికిడి యంత్రం వచ్చాక అమ్మ కొంత తేరుకుంది. మతిమరుపు పూర్తిగా పోలేదు. ఒక్కరి అనుభవం రుజువు కాదని నాకు తెలుసు. కానీ బి12 లోపం, థైరాయిడ్‌, కుంగుబాటు, చెవుడు వంటివి మతిమరుపులా కనిపించవచ్చని, వాటిని ముందు చూడాలని వైద్యశాస్త్రమే చెబుతోంది.

పరీక్ష ఏ భాషలో?

మన పాఠకులు గట్టిగా పట్టుకోవాల్సిన విషయం ఇది. జ్ఞాపకశక్తి పరీక్ష మాతృభాషలో జరగకపోతే లేని జబ్బు ఉన్నట్టూ, ఉన్న జబ్బు లేనట్టూ తేలవచ్చు. తెలుగులో పరీక్షలు లేవా అంటే, ఉన్నాయి. ఐసీఎంఆర్‌ తయారుచేయించిన పరీక్షల సంపుటి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో ఉంది. చదువు రానివారికి తగ్గట్టుగా మార్చిన పరీక్షలూ ఉన్నాయి. సరిహద్దు జిల్లాల ఆసుపత్రుల్లో వాటిని అడిగేవారు లేరు కనుక వాడేవారూ తక్కువ. ‘మా అమ్మకు తెలుగులో అడగండి’ అనడం మన హక్కు.

రెండు భాషల బతుకు మనకు భారమని చాలామంది తల్లిదండ్రులు అంటుంటారు. ఇంట్లో తెలుగు, బయట తమిళమో ఒడియానో, బడిలో ఇంగ్లిషు.. పిల్లవాడి బుర్ర అలిసిపోతుందని భయం. హైదరాబాద్‌ నిమ్స్‌లో డాక్టర్‌ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు ఒకే భాష తెలిసినవారికన్నా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం కనిపించలేదు.

ఇక్కడా మన ట్యూషను ప్రశ్న వేసుకోవాలి. ఇదీ చీటీలు వేసి చేసిన పరీక్ష కాదు, రికార్డుల పరిశీలన. ఇతర దేశాల్లో కొన్ని అధ్యయనాలకు ఇలాంటి తేడా దొరకలేదు. కాబట్టి రెండు భాషలు వస్తే జబ్బు రాదని చెప్పకూడదు. కణాల్లో దెబ్బ ఆగుతుందనీ కాదు. దెబ్బ తగిలినా తట్టుకునే నిల్వ మెదడుకు ఉంటుందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. భయపెట్టి తెలుగు మాన్పించడానికి మాత్రం ఆధారం లేదని ధైర్యంగా చెప్పవచ్చు.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

2024లో లాన్సెట్‌ కమిషన్‌ ఒక లెక్క చెప్పింది. పద్నాలుగు కారణాలను సరిచేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో సుమారు 45 శాతం తప్పించడమో, వాయిదా వేయడమో సాధ్యం. చదువు తక్కువ కావడం, చెవుడు, చూపు లోపం, చెడు కొలెస్టరాల్‌, రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం, పొగతాగడం, అతిగా మద్యం, తలకు దెబ్బలు, కదలకుండా కూర్చోవడం, కుంగుబాటు, ఒంటరితనం, గాలి కాలుష్యం.. ఇవే ఆ పద్నాలుగు. చెవుడు, చెడు కొలెస్టరాల్‌ వాటా చెరి ఏడు శాతం. బాల్యంలో చదువు లేకపోవడం వాటా ఐదు శాతం. ఈ జాబితాలో యాంటీ ఆక్సిడెంట్‌ మాత్ర లేదు.

వీటిలో చాలావాటి దారి మళ్లీ కణ శక్త్యాగారాలకే చేరుతుంది. నెత్తురులో చక్కెర పేరుకున్నా, పొగాకు పొగ, కలుషితమైన గాలి లోపలికి పోయినా ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది. నడక ఒంట్లోని సొంత చల్లార్చే ఎంజైములను పెంచుతుంది. అంటే సిద్ధాంతం చూపిన చోటే పని ఉంది. అది నలభైల్లో, ఇంకా చెప్పాలంటే ఏడేళ్లకు బడిలో మొదలవ్వాలి.

అందుకే నా సూచనలు నాలుగు. నలభై దాటిన తల్లిదండ్రులు ఏడాదికొకసారి రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్‌ చూపించుకోవాలి. ఇంట్లో పెద్దలు మరచిపోతుంటే క్యాప్సూల్‌ కన్నా ముందు చెవి, కన్ను, బి12, థైరాయిడ్‌ పరీక్షలు చేయించి, జ్ఞాపకశక్తి పరీక్ష తెలుగులో చేయమని అడగాలి. గడ్డిమందు కొట్టేవారు గాలివాటు చూసుకుని, చేతులకు, ముఖానికి రక్షణ లేకుండా పొలంలో దిగకూడదు. బడిలో నెలకొకసారి అవ్వాతాతలను పిలిచి పిల్లలకు కథ చెప్పించాలి. పెద్దలకు ఒంటరితనం తగ్గుతుంది, పిల్లలకు తెలుగు దక్కుతుంది. దీనికి ఏ శాఖ అనుమతీ, నిధీ అక్కరలేదు. ఒక పీరియడ్‌ చాలు.

మాత్రల పరిశోధన ఆగిపోలేదు. రేపు ఏదో ఒకటి గెలవవచ్చు, గెలవాలి కూడా. గెలిచినప్పుడు దాన్ని గుర్తుపట్టడానికి, అంతవరకు ఓడినవాటిని కొనకుండా ఉండటానికి మనకు ఒకే ప్రశ్న కావాలి. ఎంతమందికి ఇచ్చి చూశారు, ఇవ్వనివారితో పోల్చారా? ఈ ప్రశ్న వేయడం ఏడో తరగతి పిల్లవాడికి నేర్పవచ్చు. మా అమ్మను క్లినిక్‌కు తీసుకెళ్లిన రోజు నా పక్కన అలాంటి పిల్లవాడు ఒకడుంటే ఎనిమిది నెలల డబ్బు మిగిలేది. ఎనిమిది నెలల కాలం కూడా మిగిలేది.